1857 నాటి తుపాకీ అంటున్నారు, కొనొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్, మాది గుంటూరు అరండల్‌పేట. పాత మిలటరీ సామాన్లంటే నాకు పిచ్చి. ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌తో వచ్చే ఇత్తడి నూనె సీసా ఒకటి ఇప్పటికే కొన్నాను. ఇప్పుడు విజయవాడలో పాత వస్తువులు అమ్మే ఒకాయన రైఫిల్ చూపించి ఇది సిపాయిల తిరుగుబాటు నాటిది, వందేళ్లు దాటితే లైసెన్స్ అక్కర్లేదు అంటున్నాడు. ఫోటోలు పంపాను చూడండి. తీసుకోనా? సీసా నల్లబడింది, ఎలా తోమాలి?

జవాబు: తీసుకోకండి బాబూ, అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. మీ రెండో ఫోటోలో బోల్ట్ (తూటాని గొట్టంలోకి తోసి మూసే కడ్డీ) పిడి కిందుగా ఇనప పట్టీ మీద కిరీటం ఉంది, దాని కింద జీఆర్ఐ (అప్పటి బ్రిటిష్ రాజు జార్జ్ ముద్ర), ఇషాపూర్, 1942 అని వరసగా కొట్టి ఉన్నాయి. అంటే బెంగాల్లో ఇషాపూర్ ఫ్యాక్టరీలో రెండో ప్రపంచ యుద్ధం టైములో చేసిన పాయింట్ 303 రైఫిల్ అన్నమాట, పది తూటాల మ్యాగజైన్ కూడా కింద కనిపిస్తూనే ఉంది కదా, ఎన్‌సీసీలో పరేడ్ చేసినవాళ్లెవరైనా చూడగానే చెప్పేస్తారు. దీనికి వందేళ్లు ఎక్కడివి?

1857లో గొడవంతా 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్‌ది. దానికి బోల్ట్ ఉండదు, మ్యాగజైన్ ఉండదు, కొవ్వు పూసిన కాగితం తూటాని పళ్లతో కొరికి, మందు గొట్టం మూతిలోంచి పోసి, గుండుని కడ్డీతో దిగగొట్టి ఒక్కసారి పేల్చాలి, మళ్లీ మొదటికే.

సరే, నిజంగానే 1857ది అయినా వయసు చూసి లైసెన్స్ మాఫీ చేయరు, ఈ మాట మన దగ్గర చాలామంది నమ్మి ఇరుక్కుంటున్నారు అందుకే గట్టిగా చెప్తున్నా. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 వదిలేసేది పాతబడిపోయి, రిపేర్ చేసినా చేయకపోయినా ఇక పేలడానికి పనికిరాని వాటిని మాత్రమే. మీకు చూపించింది తుప్పు కూడా పట్టలేదు. పైగా 303 ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన తూటా సైజు, మామూలు లైసెన్స్ ఉన్నా కుదరదు, 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్లు. విడి భాగాలు కదా అని బోల్టో గొట్టమో కొందామనుకునేరు, చట్టం లెక్కలో అవీ ఆయుధాలే. తాతల నాటిది అటక మీద దొరికినా ఇంట్లో ఉంచుకోకూడదు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి చెప్పి అప్పజెప్పాలి.

అంటే ఈ సరదా మానుకోమని కాదండీ నేననేది. మీ సీసానే చూడండి, ఎంత మంచి వస్తువో! ఈ 303 లాంటి తుపాకీ మడమకి, అంటే భుజానికి ఆనించే చివరకి, ఇత్తడి పలక ఉంటుంది, దానికి చిన్న తలుపు, ఆ తలుపు తీస్తే లోపల ఈ సీసా, గొట్టం తుడిచే తాడు ఉండేవి, సిపాయి తన సామాను తనే మోసుకు తిరిగేవాడు. ఆ తాడు, తోలు బెల్టులు, మెడల్స్, పాత ట్రైనింగ్ పుస్తకాలు, ఇలాంటివి పోగేయండి, ఏ భయం లేదు. అసలు ఆయుధాలు కళ్లారా చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లండి.

సీసాని మాత్రం చింతపండు పెట్టి తోమకండి! ఆ నలుపే దాని వయసు, తోమితే మూత మీద ముద్రలుంటే అవి కూడా అరిగిపోతాయి. మెత్తటి పొడి బట్టతో తుడిచి, మన దగ్గర చెమ్మ ఎక్కువ కాబట్టి సిలికా జెల్ ప్యాకెట్ వేసిన డబ్బాలో పెట్టేయండి చాలు.