చిన్న విమానం కూలి ప్రాణనష్టం జరిగితే, దానికి ఏయే కారణాలు ఉండవచ్చు?

ఇంజను చెడిపోయి ఉంటుందన్నదే చాలామందికి మొదట కలిగే అనుమానం. అయితే ప్రాణాంతక ప్రమాదాల్లో తరచుగా కనిపించేది పైలట్ విమానంపై అదుపు కోల్పోవడం. దిగడానికి రన్‌వే వైపు మళ్లే చివరి మలుపులో వేగం తగ్గి, రెక్కకూ ఎదురుగాలికీ మధ్య కోణం హద్దు మీరితే, గాలి ప్రవాహం చెదిరి విమానాన్ని నిలబెట్టే బలం ఒక్కసారిగా పడిపోతుంది. దీనినే స్టాల్ అంటారు. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాలి తిరిగే విమానం, తిన్నగా ఎగిరేటప్పటి కంటే సుమారు 41 శాతం ఎక్కువ వేగం వద్దనే స్టాల్ అవుతుంది. నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులో తేరుకునే వ్యవధి దాదాపు ఉండదు. టేకాఫ్ అయిన వెంటనే ఇంజను ఆగినప్పుడు ఎదురుగా దిగకుండా వెనక్కి మళ్లబోయినవారూ ఇలాగే మరణిస్తుంటారు.

వాతావరణమూ అంతే ప్రమాదకరం. దిగంతం కనబడకపోతే, విమానం ఒరిగి తిరుగుతున్నా లోపలి చెవి తిన్నగా పోతున్నట్టే నమ్మిస్తుంది. 1999 జూలైలో అమెరికా మాజీ అధ్యక్షుడు కెనడీ కుమారుడు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ నడిపిన విమానం రాత్రివేళ సముద్రంలో కూలడానికి ఇటువంటి దిగ్భ్రమే కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది.

ఇంధనం నిండుకోవడం, మితిమీరిన బరువు వంటివి శిథిలాల్లోనో రికార్డుల్లోనో చాలావరకు బయటపడతాయి. ఇంజనులోకి వెళ్లే ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్‌లో పేరుకునే మంచు మాత్రం, తేమ ఎక్కువైతే 20 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా ఏర్పడి ఇంజనును ఆపేసి, దర్యాప్తు బృందం చేరేలోగా కరిగిపోతుంది. అందుకే ఆనాటి ఉష్ణోగ్రత, తేమ వివరాలను బట్టి దానిని ఊహించవలసి వస్తుంది.