మోకాలి ఆపరేషన్ అయిన కుక్కకు ట్రాజోడోన్: మా రాణి అనుభవం

మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ జరిగి 10 రోజులైన మీ కుక్క అప్పుడే గెంతులు వేస్తోందనీ, డాక్టరు ట్రాజోడోన్ రాసినా అది మత్తు మందేమోనన్న భయంతో ఇవ్వలేకపోతున్నాననీ రాశారు. మా లాబ్రడార్ రాణికి ఇదే ఆపరేషన్ జరిగినప్పుడు నేనూ 4 రోజుల పాటు ఆ మాత్రల జోలికి పోలేదు. ఐదో రోజు ఎవరో కాలింగ్ బెల్ కొట్టగానే అది సోఫా మీంచి దూకి, నున్నటి గ్రానైట్ నేల మీద వెనక కాళ్లు జారి చతికిలబడింది. ఈ ఆపరేషన్‌లో ఎముకను కోసి బిగించిన ప్లేటు, స్క్రూలు కదలలేదని ఎక్స్‌రే తీశాక తెలిసింది గానీ, అంతవరకు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

కోసి బిగించిన ఎముక అతుక్కోవడానికి సుమారు 8 నుంచి 12 వారాలు పడుతుందనీ, నొప్పి అంతకు చాలా ముందే తగ్గిపోతుందనీ, కాబట్టి కుక్క హుషారుగా కనిపించే రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్త అవసరమనీ డాక్టరు గారు అప్పుడు వివరించారు. ట్రాజోడోన్ మనుషుల్లో డిప్రెషన్‌కు వాడే మందే. మెదడులో సెరోటోనిన్ అనే రసాయనం మీద పనిచేసి ఆందోళనను తగ్గిస్తుంది. 28 కిలోల రాణికి రోజుకు రెండు పూటలా 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, చాలకపోతే డాక్టరే 150కి పెంచారు. ఈ అంకెలు మా కుక్కవి మాత్రమే, దయచేసి మీ కుక్కకు అన్వయించకండి.

నేను చేసిన అసలు పొరపాటు వేళకు సంబంధించినది. చుట్టాలు వచ్చి, అది ఎగరడం మొదలుపెట్టాక మాత్ర వేసి, పనిచేయడం లేదని విసుక్కునేదాన్ని. ఈ మందు పని మొదలుపెట్టడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది కనుక, హడావిడి మొదలుకాకముందే ఇవ్వాలి. నెయ్యి రాసిన ఇడ్లీలో పెడితే రాణి ఇడ్లీ తిని మాత్రను పళ్లెంలో శుభ్రంగా వదిలేసేది; చివరికి మూడు పెరుగన్నం ముద్దలు చేసి, రెండో దానిలో మాత్ర దాచి, మూడోది కళ్లెదుట చూపిస్తూ పెడితే తొందరలో మింగేసింది.

అన్నిటికంటే ముందు ఆ అశాంతి నొప్పి వల్ల కాదని తేల్చుకోండి. ఒక రాత్రి రాణి పడుకోలేక, రొప్పుతూ, కుట్ల వైపే తల తిప్పుతుంటే ఇంకో ట్రాజోడోన్ వేద్దామనుకుని ఫోను చేశాను. నొప్పి మాత్ర ఎన్నింటికి వేశారని డాక్టరు గారు అడిగాక గానీ, సాయంత్రం మెలాక్సికామ్ వేయడం మరిచిపోయామని గుర్తుకు రాలేదు. ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం పొరపాటున కూడా వేయకండి.

మీ కుక్కకు ట్రామడాల్, ఫ్లూయాక్సెటిన్, సెలిజిలిన్ వంటి మందులు ఇస్తుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ట్రాజోడోన్‌తో కలిస్తే సెరోటోనిన్ మోతాదు మించి వణుకు, జ్వరం, విపరీతమైన కంగారు రావచ్చు. నొప్పికి గాబాపెంటిన్ అనే మందు కూడా రాస్తే, మనుషులకు అమ్మే ద్రవరూపంలో కుక్కలకు విషమైన జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండవచ్చు కాబట్టి, అడగకుండా దాన్ని తీసుకోకండి. ఏస్‌ప్రోమజీన్ అనే మత్తు మందు ఇవ్వవచ్చా అని నేను అడిగితే, అది శరీరాన్ని కదలకుండా చేస్తుందే తప్ప భయాన్ని తీయదని డాక్టరు గారు వద్దన్నారు.

అలవాటు పడుతుందేమోనన్నది నా భయం కూడా. వారాల తరబడి వాడాక ఒక్కసారిగా మానకుండా, డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గిస్తూ ఆపాం, ఇబ్బందేమీ కలగలేదు. కొన్ని కుక్కలు ఈ మందుతో శాంతించడానికి బదులు మరింత రెచ్చిపోతాయి, కనుక మొదటి మాత్రను మీరు రోజంతా ఇంట్లో ఉండే నాడు వేయండి. రాణి మొదటి రెండు రోజులు తూలుతూ నడిచింది. పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకుని ఒంటేలుకు తీసుకెళ్లేదాన్ని. పిలిచినా కళ్లు తెరవకపోతే, చిగుళ్లు పాలిపోతే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.