వానలు గతి తప్పితే ఊళ్లో గొడవలు, వలసలు పెరుగుతాయా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

వాతావరణ మార్పు వల్ల పల్లెల్లో తగాదాలు, వలసలు నిజంగా వస్తాయా, లేక ఊరికే అంటున్నారా అని అడిగారు. వస్తాయి. కానీ వచ్చినప్పుడు వాటిని ఎవరూ ఆ పేరుతో పిలవరు.

మాది నర్సంపేట వైపు ఊరు. 2015లో వరుసగా రెండో ఏడు కూడా కాలం కాలేదు. చెరువు అడుగు తేలింది. బాపు చేను, చిన్నాయన చేను ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. చిన్నాయన బోరు ఎండిపోయింది. బాపు మిత్తికి తెచ్చి రెండు బోర్లు వేయించాడు. మొదటిదాంట్లో దుమ్మే లేచింది, రెండోది 320 అడుగులకు అంగుళన్నర పోసింది. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలని 2002 నుంచి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. బాపుకు ఆ సంగతే తెలియదు. బోరుబండి దొరికిన రాత్రే వేయించేశాడు.

"నా నీళ్లు గుంజుకున్నవ్ అన్నా" అన్నాడు చిన్నాయన, గట్టు మీద నిలబడి. ఆ దసరాకు బాపుకు జమ్మి పెట్టడానికి రాలేదు. తర్వాతి ఎండాకాలానికి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేరాడు. ఊళ్లో ఎవరిని అడిగినా "అప్పులై పోయిండు" అంటారు. వాన మాట ఎవరూ ఎత్తరు.

వాన ఎక్కువైనా గొడవే. 2023 జులైలో చెరువు నిండుతుంటే, నాట్లు మునుగుతున్నాయి, తూము ఎత్తమని శిఖం రైతులు, అంటే చెరువు లోపలి భూమి దున్నుకునేవాళ్లు, పట్టుబట్టారు. యాసంగికి నీళ్లుండాలని ఆయకట్టు వాళ్లు ఒప్పుకోలేదు. మాటలు పెరిగి కొట్లాట దాకా వచ్చింది. అంతలో ఆ వాన. 27వ తేదీ పొద్దటికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడింది. మా వైపు ఏడాదంతా కలిపితే వెయ్యికి అటూ ఇటూగా పడుతుంది! భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేస్తే జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నది ఆ పొద్దే. మా చెరువుకు గండి పడింది. కొట్లాడుకున్న ఇద్దరికీ నీళ్లు మిగల్లేదు, కింది పొలాల్లో ఇసుక మేటలు వేసింది.

ఆ ఒక్క వానను చూపించి ఇదే వాతావరణ మార్పు అని నేను అనను. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. అందుకే కురిస్తే కుండపోత, లేకపోతే ఎండుడు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. మా తాత కాలంలో తూము నీరటి చేతిలో ఉండేది. నీళ్లు తక్కువైన ఏడు ఎవరికెంత తడపాలో దామాషాగా ఆయనే చెప్పేవాడు. కోతలప్పుడు అందరూ ఆయనకు వడ్లు కొలిచేవాళ్లు. బోర్లు వచ్చాక ఆయన అవసరం లేదనుకున్నాం. ఆయన తర్వాత ఆ పని ఎవరూ ఎత్తుకోలేదు. ఆ రెండు కరువేళ్లూ మధ్యలో నిలబడి మాట చెప్పే మనిషి ఒక్కడుంటే చిన్నాయన ఊళ్లోనే ఉండేవాడని నా నమ్మకం.

ఆయన చేను ఇప్పుడు కౌలుకు ఉంది. నిరుడు పత్తి వాడిపోతుంటే ఆ కౌలు రైతుకు బాపు తన బోరు నుంచే రెండు తడులు ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు.