18 డాలర్లు, 18 సెంట్లు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలోని యూదు మహిళా సంఘాల మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివానమ్మా. మనవాళ్లు పెద్దగా పట్టించుకోని విషయాన్ని ఎంచుకున్నావు, అందుకు సంతోషం. చికాగో యూదు మహిళ హన్నా సాలమన్‌తో మొదలుపెట్టావు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో మగవాళ్ల కమిటీ ఆడవాళ్లకు అతిథి మర్యాదల పని తప్ప ఇంకేమీ ఇవ్వకపోతే, ఆమె విడిగా సభ జరిపించడం, అందులోంచి జాతీయ యూదు మహిళా మండలి పుట్టడం బాగానే చెప్పావు. ఆ తర్వాతే పట్టు తప్పింది. పేజీల నిండా సేవ, త్యాగం, చైతన్యం. ఒక్క వీధి లేదు, ఒక్క ధర లేదు.

సంఘ సంస్కరణ గురించి రాసేటప్పుడు డబ్బు ఎక్కడ ఆగిందో, ఎవరు వద్దన్నారో ముందు వెతుకు. అమెరికాలోని మిల్వాకీ ఊళ్లో లిజీ కాండర్ అనే ఆవిడ ఒక సేవా సంస్థలో, వలస వచ్చిన యూదు కుటుంబాల ఆడపిల్లలకు వంట నేర్పించేది. నల్లబల్ల మీద రాసినవి పిల్లలు ఎక్కించుకునేసరికే క్లాసు టైమంతా అయిపోయేది. పాఠాలు అచ్చు వేయించడానికి 18 డాలర్లు అడిగితే సంస్థ బోర్డులోని మగవాళ్లు కుదరదన్నారు. ఆడవాళ్లు ఊళ్లో వ్యాపారుల దగ్గర ప్రకటనలు పోగుచేసి 1901లో వెయ్యి కాపీలు అచ్చు వేయించారు. ఆ వంటల పుస్తకం ముద్రణ మీద ముద్రణ అమ్ముడుపోయింది, ఆ లాభం సంస్థ కొత్త భవనానికి పనికొచ్చింది.

అయితే ఇక్కడితో ఆపి చప్పట్లు కొట్టేయకు. ఆ పుస్తకంలో ఆయిస్టర్ల, అంటే ఒక రకం ఆల్చిప్పల, వంటకాలున్నాయి. యూదుల కోషర్ నియమాల ప్రకారం, అంటే వాళ్ల మతం పెట్టిన ఆహార నియమాల ప్రకారం, అవి తినకూడదు. నేర్పేవాళ్లు అమెరికాలో ఎప్పుడో స్థిరపడినవాళ్లు, నేర్చుకునేవాళ్లు తూర్పు యూరప్ నుంచి కొత్తగా దిగినవాళ్ల పిల్లలు. సాయంతో పాటు ‘మీరూ మాలా మారండి’ అన్న మాట కూడా ఆ వంటింట్లో ఉంది. అది రాయకపోతే నీ వ్యాసం పొగడ్తల పత్రమే అవుతుంది.

దాని పక్కనే 1902 మే నెల న్యూయార్క్‌ను పెట్టి చూడు. వలస వచ్చిన యూదులు ఎక్కువగా ఉండే లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో కోషర్ మాంసం పౌను 12 సెంట్ల నుంచి 18 సెంట్లకు పెరిగింది. పెద్ద మాంసం కంపెనీలు కలిసి ధర పెంచాయని ముందు కసాయి దుకాణాల వాళ్లే షాపులు మూశారు, ఫలితం లేక మళ్లీ తెరిచారు. అప్పుడు గృహిణులు వీధిలోకి వచ్చారు. ఇంటింటికీ తిరిగి మాంసం కొనొద్దన్నారు, దుకాణాల అద్దాలు పగలగొట్టారు, అరెస్టయ్యారు. శనివారం ప్రార్థనా మందిరాల్లోకి వెళ్లి, తోరా అనే తమ పవిత్ర గ్రంథం పఠనాన్ని మధ్యలో ఆపించి మగవాళ్ల మద్దతు అడిగారు. అన్యాయం జరిగినవాళ్లు అలా పఠనం ఆపి మొర పెట్టుకోవడం ఆ సమాజంలో పాత ఆచారం. వాళ్లు దాన్ని మాంసం ధర కోసం వాడుకున్నారు, చూడు! నాకు ఆ తెగువంటే ప్రాణం. జూన్‌కల్లా ధర 14 సెంట్లకు దిగింది.

ఒకచోట కోషర్ నియమాన్ని పక్కన పెట్టేశారు, ఇంకోచోట కోషర్ మాంసం కోసమే జైలుకెళ్లారు. నువ్వు మాత్రం అందరినీ ‘యూదు మహిళలు’ అని ఒకే గాటన కట్టేశావు. డబ్బున్న ఇళ్ల నుంచి సాయానికి వచ్చినవాళ్లు వేరు, అద్దె గదుల్లో ఉంటూ తమ కోసం తామే పోరాడినవాళ్లు వేరు. ఇద్దరికీ చోటివ్వు. మొదటివాళ్లను తక్కువ చేయమని చెప్పడం లేదు. వలసదారులు దిగే న్యూయార్క్ రేవు ఎల్లిస్ ద్వీపంలో ఒంటరిగా ఓడ దిగిన ఆడపిల్లలను, తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో పలకరించి, మోసగాళ్ల చేతిలో పడకుండా కాపాడింది సాలమన్ పెట్టిన ఆ మహిళా మండలి మనుషులే. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, కనీసం ఒక పేజీ ఇవ్వు.

ముగింపు పేరా తీసెయ్. మాంసం ధర దిగిన దగ్గర ఆపినా సరిపోతుంది. తిరగరాశాక పంపు, తీరిక చేసుకుని చదువుతాను.