ఎక్మో మీద ఉన్న పాప దగ్గర మీరిద్దరూ చెయ్యాల్సినవి

చిన్నా,

గుండె ఆపరేషన్ అయ్యాక పాపని థియేటర్ నుంచి ఎక్మో మిషన్ మీదే బయటికి తెచ్చారని మీ అమ్మ చెప్పింది. పిల్లల గుండె ఐసీయూలో ఇన్నేళ్లు నర్సుగా చేసి అమలాపురం వచ్చి కూర్చున్న పెద్దమ్మగా నీకు ముందు చెప్పేది ఒకటే: ఆ మిషన్ గుండెని బాగుచెయ్యదు, గుండె తేరుకునేదాకా దాని పనీ, ఊపిరితిత్తుల పనీ చేసిపెడుతుంది, అంతే. అందుకని రోజూ డాక్టర్ని "గుండె కొట్టుకునే బలం నిన్నటికంటే పెరిగిందా, ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, ఏం కనిపించింది" అని అడుగు. ఇదేదో కొత్త ప్రయోగం అని మీ నాన్న అంటున్నారట. కాదు, 1975లోనే అమెరికాలో డాక్టర్ బార్ట్‌లెట్ దీనితో ఒక పసికందుని బతికించారు.

పాపకి పెద్ద రక్తనాళాలు రెండూ తారుమారుగా ఉన్నాయి కదా, వాటిని మార్చి కుట్టేటప్పుడు గుండెకి రక్తం ఇచ్చే సన్నటి కరోనరీలు కూడా తీసి కొత్త చోట అతకాలి, అంతసేపూ గుండెని ఆపి ఉంచుతారు. కాబట్టి ఆపరేషన్ బాగా జరిగినా, నాటు వేసిన చేను నాలుగు రోజులు వాడి ఆ తర్వాత తేరుకున్నట్టు, గుండె కొన్నాళ్లు డీలాపడి ఉండొచ్చు. కానీ కరోనరీ అతుకు దగ్గర మెలిక పడినా ఇలాగే ఉంటుంది, అది విశ్రాంతితో పోదు, సరిచెయ్యాల్సిందే. "కరోనరీలు చూశారా" అని ఇవాళే అడుగు, మొహమాటపడకు.

కోడల్ని లోపలికి పంపేముందు అక్కడ కనిపించేవి చెప్పి పంపు. ఛాతీ ఇంకా మూయకుండా పైన పలచటి పొర వేసి ఉండొచ్చు, కళ్లు తెరవలేనంతగా ఒళ్లు ఉబ్బుతుంది, ఒక గొట్టంలో నల్లటి రక్తం బయటికొచ్చి ఇంకో గొట్టంలో ఎర్రగా లోపలికెళ్తుంది.

నిజం దాచను. గుండె ఆపరేషన్ తర్వాత ఎక్మో పెట్టిన పసిపిల్లల్లో ఇంటికి చేరేది ఇంచుమించు సగం మందే. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, అది ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డలు. మెదడులో రక్తస్రావం అన్నిటికంటే చెడ్డది. పాపకి మాడు ఇంకా పూడలేదు కాబట్టి అక్కడి నుంచే అల్ట్రాసౌండ్ తీస్తారు, ఆ రిపోర్ట్ అడుగుతూ ఉండు. రోజులు గడిచేకొద్దీ ఈ ప్రమాదాలన్నీ పెరుగుతాయి.

మూడు కేజీల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం పావు లీటరు, గొట్టాలు నింపడానికే చాలా రక్తం పడుతుంది. రక్తం ఇవ్వడానికి మన కుర్రాళ్లు అందరూ కలిసి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వస్తామంటున్నారట, ఆపు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకి మించి మామూలుగా నిలవ ఉండవు, బ్లడ్ బ్యాంక్ వాళ్లు ఏ రోజు ఎవరు కావాలంటే వాళ్లే రావాలి.

కోడలు పాలు తియ్యడం మానకూడదు, రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. సీసా మీద తేదీ, టైమ్ రాసి నర్సుకి ఇవ్వాలి. ఇప్పుడు మానేస్తే పాపకి కావాల్సి వచ్చేసరికి పాలు తగ్గిపోతాయి. అంతర్వేది కుంకుమ పాప నుదుట పెట్టొద్దు, నూనెలు అసలే వద్దు. చేతులు శుభ్రం చేసుకుని, నర్సు సరే అంటే, పాదం మీద వేలు వేసి మాట్లాడమను.

డబ్బు సంగతి, ఆపరేషన్ ప్యాకేజీలో ఎక్మో ఉందో లేదో, రోజుకెంతో, ఆక్సిజనేటర్, అంటే రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగం, మార్చాల్సొస్తే విడిగా ఎంతో కాగితం మీద రాయించుకో. కొబ్బరితోట తాకట్టు మాట ఆ తర్వాతే.

గుండె పుంజుకుంటే ఫ్లో, అంటే మిషన్ తోసే రక్తం, కొంచెం కొంచెంగా తగ్గించి చూస్తారు. తగ్గించి మళ్లీ పెంచారంటే అంతా అయిపోయిందనుకోకు, రేపు మళ్లీ చూస్తారు. ఎక్మో తీసేశాక కూడా వెంటిలేటర్ ఉంటుంది, ఛాతీ మూయాలి, కాబట్టి ఊళ్లో స్వీట్లు పంచొద్దని మీ అమ్మకి చెప్పు.

ఒకవేళ గుండె పుంజుకోకపోతే ఏం చేస్తారు, ఎప్పటిదాకా చూస్తారు అన్నది కూడా ఇప్పుడే అడగండి. రాయడానికి నాకూ చెయ్యి రావట్లేదురా, కానీ ఆ నిర్ణయం అర్ధరాత్రి కారిడార్‌లో సంతకం పెట్టమన్నప్పుడు తీసుకునేది కాదు. ఆ మాటలప్పుడు కోడలు పక్కనే ఉండాలి. తట్టుకోలేదని పెద్దవాళ్లు ఎంత చెప్పినా ఆమెని బయట కూర్చోబెట్టకు, కన్నది తనే.

రోజూ సాయంత్రం ఎకో, మాడు స్కాన్, మూత్రం, లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగా అందుతోందో లేదో చెప్పే రక్తపరీక్ష) ఈ నాలుగూ రాసి నాకు వాట్సాప్ పెట్టు, నేను చదివి మర్నాడు ఏం అడగాలో చెబుతాను. చుట్టాలకి కబురు నేనే అందిస్తాను, వాళ్ల ఫోన్లు నువ్వు ఎత్తకు.

మీ పెద్దమ్మ