వే పౌడర్ తాగితే కడుపుబ్బరమా? పాలు ఆపి చూడు

తమ్మీ, జిమ్ము నుంచి రాంగనే వే పౌడర్ పాలల్ల కలుపుకొని తాగితే కడుపు ఉబ్బుతుందన్నవ్ గదా. వే అంటే పాలనుంచి తీసిన ప్రొటీనే. తక్కువ వడగట్టిన కాన్సెంట్రేట్ రకంల లాక్టోజ్, అంటే పాలల్ల ఉండే చక్కెర, కొంత మిగిలే ఉంటది, దానికి మళ్ల పాలు పోస్తే ఇంకా ఎక్కువైతది. నల్లగొండల జిమ్ముకు పోయే రోజుల్ల నాకూ గట్లనే గుడగుడమనేది. నీళ్లల్ల సగం స్కూపుతోని మొదలుపెట్టు, తగ్గకుంటే లాక్టోజ్ చాలామట్టుకు తీసేసిన ఐసోలేట్ రకం తీసుకో.

బరువులెత్తేటోళ్లకు ఒంటి బరువు కిలోకు రోజుకు 1.4 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ చాలు. నీ 60 కిలోలకు 84 నుంచి 120. గుడ్డుకు 6 గ్రాములొస్తది, మన పాలమూరు పల్లీలు 100 గ్రాములకు 25 దాకా. తక్కువపడ్డదే పౌడర్‌తోని నింపు. డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు నంబరు లేకుంటే కొనకు. కిడ్నీల సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ను అడగంది ముట్టకు తమ్మీ.