గుట్టును చివరి రంగం దాకా దాచకండి

మిత్రులకు నమస్కారం.

మీ నాటిక అందింది, చదివాను. చివరి రంగంలో అటక మీది పెట్టెలోంచి చనిపోయిన నాయనమ్మ డైరీ బయటపడడం, మనవడు దాన్ని రెండు పేజీల పొడవునా పైకి చదవడం చూసి నాకు కలిగిన కోపమే ఈ ఉత్తరం రాయిస్తోంది. 30 ఏళ్లుగా ఒక కుటుంబం పళ్ల బిగువున దాచిన మరణం గురించి ఆ డైరీయే అంతా చెప్పేస్తే, బతికున్న పాత్రలకు రంగస్థలం మీద ఇక చేసేందుకు ఏం మిగిలింది?

మీరే రాసిన రెండో రంగం మళ్లీ చదవండి. గోడ మీద ఫొటో తీసేసిన చోట రంగు వెలవకుండా నలుచదరంగా మిగిలిపోయింది. తల్లి దాని మీద క్యాలెండరు తగిలించింది గాని, అది చిన్నది కావడంతో చుట్టూ ఆ గుర్తు కనబడుతూనే ఉంది. కూతురు అటు చూసి, తల్లిని చూసి, ఏమీ అడగకుండా తల దించుకుంది. నాకు ఒళ్లు జలదరించింది అక్కడే. కూతురికి తెలుసు, ఆమెకు తెలుసన్న సంగతి తల్లికీ తెలుసు. అందరికీ తెలిసిన ఆ సంగతి ప్రేక్షకుడికి మాత్రం ఎందుకు చెప్పలేదు?

కుటుంబ రహస్యం మీద నడిచే కథలో ఆ రహస్యం ప్రేక్షకుడికి మొదట్లోనే తెలిసిపోవాలని నేను గట్టిగా నమ్ముతాను. తెలిసినవాళ్లు ఏమీ ఎరగనట్టు ఒకే కప్పు కింద మసలుకోవడం కంటే భయంకరమైనది ఏ దెయ్యం కథలోనూ నాకు కనబడలేదు. 1962లో ఫ్రెంచి సినీ దర్శకుడు ట్రూఫోతో మాట్లాడుతూ ఉత్కంఠ చిత్రాల దర్శకుడు హిచ్‌కాక్ బాంబు ఉదాహరణ చెప్పాడు: బల్ల కింద బాంబు ఉన్నట్టు చెప్పకుండా పేలిస్తే దక్కేది 15 సెకన్ల ఉలికిపాటు, ముందే చూపించి పాత్రల చేత కబుర్లాడిస్తే దక్కేది 15 నిమిషాల ఉత్కంఠ. కొసమెరుపే కథకు ప్రాణమైన చోట ఆయన మినహాయింపు ఇచ్చాడు. కుటుంబ కథకు ఆ మినహాయింపును నేను ఒప్పుకోను. 1881లో అచ్చయిన నార్వే నాటకకర్త ఇబ్సెన్ నాటకం 'గోస్ట్స్' పేరుకు అర్థం దెయ్యాలే గాని, అందులో ఒక్క దెయ్యమూ లేదు. పనిపిల్ల రెజీనా తన భర్తకు పుట్టిన బిడ్డేనని మిసెస్ ఆల్వింగ్ మొదటి అంకంలోనే పాస్టరుకు చెప్పేస్తుంది. ఆమె కొడుకు మనసుపడింది ఆ పిల్ల మీదే. వాళ్లిద్దరికీ నిజం తెలిసేది మూడో అంకంలో. అందాకా మనం ఊపిరి బిగబట్టుకొని కూర్చోవలసిందే.

నా తొలి రోజుల్లో ఒక మాసపత్రిక సంపాదకుడు నా కథను తిప్పి పంపాడు. గుట్టు ముందే రట్టయిందనీ, కొసమెరుపు లేదనీ, హంతకుణ్ణి చివరి వాక్యంలో బయటపెడితే వేసుకుంటామనీ రాశాడు. కొసమెరుపు లేనిదే కథ కాదన్న పిచ్చి పత్రికలను పట్టుకున్న కాలమది. దానివల్ల ఎన్ని మంచి కథలు మూలపడ్డాయో తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. నేను ఒక్క అక్షరం మార్చలేదు. ఏళ్ల తరువాత అదే కథను నాటకంగా ఆడినప్పుడు, తండ్రి పాత్ర బావి మూత సరిచేసిన ప్రతిసారీ ప్రేక్షకులు కదలకుండా చూశారు. లోపల ఏముందో వాళ్లకు తెలుసు మరి. ఆ చోట ఉరుము శబ్దం పెట్టాలని దర్శకుడు పట్టుబడితే తగవు పడి తీయించాను. మీ నాటికలో అడుగడుగునా ఉరుములే. అన్నీ కొట్టేయండి.

ఎవరికి ఎంత తెలుసో ముందు విడిగా రాసుకోండి. తల్లికి మరణం తెలిసి కారణం తెలియకపోవచ్చు. మేనత్తకు కారణం తెలిసి, అందులో తన అన్నకున్న పాత్ర తెలియకపోవచ్చు. ఒకరికి తెలిసినదానికీ మరొకరికి తెలిసినదానికీ మధ్య ఉన్న ఎడంలోంచే మీ సంభాషణలు పుట్టాలి. ఎవరు ఏ మాట దగ్గర ఆగిపోతారో, ఎవరు చటుక్కున మాట మారుస్తారో అప్పుడు మీకే తోస్తుంది.

డైరీ రంగం మొత్తం తీసేయండి. ఆ సంగతిని మొదటి రంగంలోనే మేనత్త నోట పలికించి, కూతురు తలుపు చాటున నిలబడి విన్నట్టు ప్రేక్షకులకు చూపించి, తిరగరాసి పంపండి. ఏ పోటీకి పంపాలన్న మీ ప్రశ్న సంగతి ఆ ప్రతి చదివాక చూద్దాం.